బంతి ముట్టని ఆటగాడు

తొంభైల మధ్యలో నేను దోహాలో డ్రైవరుగా చేస్తుండగా, కంపెనీవాళ్లు నన్ను ఒక అమెరికన్ ఇంజనీరు దగ్గర డ్యూటీకి వేశారు. అరవై దాటిన మనిషి. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు వచ్చేది కాదు. చేతివేళ్లు తలో దిక్కుకూ వంకర తిరిగి ఉండేవి. ముందు పళ్లు కట్టుడువి. చూడగానే కొట్లాటల మనిషేమోనని నాకు అనుమానం వేసింది.

వేళ్ల సంగతి అడిగితే, "కాలేజీలో ఫుట్‌బాల్ ఆడాను" అన్నాడు.

"గోల్స్ బాగా కొట్టేవారా సార్?"

"లేదు. ఆడినన్నాళ్లూ ఒక్కసారి కూడా బంతి ముట్టలేదు."

నజ్మా పేటలో నాతోపాటు గదిలో ఉండే నిజామాబాద్ మేస్త్రీకి ఈ మాట చెప్పాను. కలుపుతున్న అన్నం వదిలేసి నా వైపు చూశాడు.

"ఫుట్‌బాల్ కాళ్లతోని ఆడుతరు గదనే. వేళ్లెట్ల ఇరుగుతయ్? పైంగ బంతే ముట్టలేదంటడు! జైల్ల ఉండొచ్చినోడేమో. జర పైలం."

అప్పటినుంచి అద్దంలో ఆయన్ని గమనిస్తూనే ఉన్నాను. శుక్రవారం సాయంత్రాలు దోహా బయట అల్ షహానియా ఊరు దాటాక కారు ఆపించి, ఎడారిలోకి ఒక్కడే నడిచి వెళ్లేవాడు. మోకాలు బిగుసుకుపోకుండా ఉండడానికట. నేను నమ్మలేదు. ఎవరినో కలుస్తున్నాడనుకుని, ఒకసారి కారును మెల్లగా ఆయన వెనకే పోనిచ్చాను. చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి.

ఇంజను రొద విని ఆయన తిరిగి వచ్చాడు. చుట్టూ నరమానవుడు లేడు. ఎందుకొచ్చావని కూడా అడగలేదు. కారు వెనక్కి వెళ్లి, వేళ్లు ఇసుకలో ఆనించి, నడుము పైకెత్తి వంగాడు.

"యల్లా, పోనీ!" అంటూ లేచి భుజంతో ఒక్క తోపు తోశాడు. కారు ముందుకు దూకింది.

మోకాలు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. నీళ్లిచ్చాను.

"నా పని ఇదే" అన్నాడు. "మా దేశంలో ఫుట్‌బాల్ వేరు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు. ఆ పట్టుకున్నవాడికి దారి దొరకాలంటే నేను ఎదుటివాణ్ణి నెట్టేయాలి. కిందపడితే వేళ్లమీద బూట్లు పడేవి. అప్పట్లో హెల్మెట్లకు ముఖం మీద కమ్మీలుండేవి కావు, పళ్లు అలా పోయాయి. చివరి ఏడాది మోకాలు పోయింది. దాంతో ఆటా పోయింది."

"జనం మెచ్చుకునేవారా సార్?"

"బంతి పట్టుకున్నవాణ్ణి. నన్ను మా అమ్మ ఒక్కతే చూసేది."

"మీ జట్టు గెలిచేదా?"

"ఎక్కువగా ఓడిపోయేవాళ్లం."

అప్పుడు నమ్మాను. అబద్ధమాడేవాడైతే గెలిచామనే చెప్పేవాడు.

గదికెళ్లి చెబితే మేస్త్రీ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఓడిపోయేటిదానికి పండ్లెందుకు ఊడగొట్టుకుంటడే? ఇంకేదో ఉన్నది."

తర్వాతి శుక్రవారం కారు రోడ్డు పక్కనే ఆపి, నేనూ ఆయనతో నడిచాను.