రేషన్ కార్డు జతపరిచిన ప్రశ్నలు

ప్రతి ఏడూ మొదటి సంవత్సరం పిల్లలకు సైకాలజీలో పరిశోధన పద్ధతుల పాఠం చెబుతాను. సగటు, శాంపిల్, గ్రాఫు ఇవి నడిచినంతసేపు క్లాసు ఏదో ఒక రకంగా మెలకువగానే ఉంటుంది. నైతిక నియమాల దగ్గరికి రాగానే ఆవులింతలు మొదలవుతాయి. అంగీకార పత్రం తీసుకోవాలి, అబద్ధం చెప్పకూడదు, హాని చేయకూడదు. వాళ్ళకు ఇవన్నీ చిన్న బళ్ళో గోడమీద రాసే నీతివాక్యాల్లాగే వినబడతాయి. ఆ పూట నాకు ముక్కుమీద కోపం ఉంటుంది. వెనక బెంచీలో ఎవరైనా నవ్వితే కసురుకుంటాను. నిజానికి ఆ కోపం వాళ్ళమీద కాదు. వాళ్ళ వయసులో నేను అంతకన్నా పెద్దగా ఆవులించినదాన్నే.

తిరువళ్ళూరులో డిగ్రీ చివరి ఏడాది చదువుతుండగా ప్రాజెక్టు చేయాల్సి వచ్చింది. నేతపని చేసే ఆడవాళ్ళలో నిద్ర, దిగులు అనే విషయం తీసుకున్నాను. గొప్ప ఆలోచనేం కాదు. తిరుత్తణి దగ్గర మాది తెలుగు మాట్లాడే నేతవాళ్ళ వీధి. గడప దాటితే చాలు, జవాబు చెప్పేవాళ్ళు దొరుకుతారు. చేతికందినవాళ్ళనే శాంపిల్‌గా తీసుకోవడానికి పుస్తకాల్లో మర్యాదైన పేరు ఒకటుంది. నేనైతే దాన్ని బద్ధకం అంటాను.

ప్రశ్నలు తమిళంలో తయారుచేశాను. మా వీధిలో ఇంట్లో మాట తెలుగే గానీ చదువు తమిళం. అందుకని ఒక్కొక్క ప్రశ్నా తెలుగులో పైకి చెప్పేదాన్ని. గడిచిన రెండు వారాల్లో నిద్ర పట్టనిది ఎన్నాళ్ళు? ఏ పనిమీదా మనసు పోనిది ఎన్నాళ్ళు? అసలు లేదంటే సున్న, దాదాపు రోజూ అంటే మూడు. దిగులు మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో పేజీ అడుగున రాయమని మా మేడం చెప్పింది. రాశాను. అది కాస్తా రెండో పేజీకి దొర్లింది. నాలుగు వరుసల కోసం ఇంకో కాగితమా అని తీసేశాను.

మొదటి ఇంట్లోనే చుక్కెదురైంది. అంగీకార పత్రం మీద సంతకం పెట్టమనగానే ఆ ఇంటి పెద్దావిడ లోపలికి వెళ్ళి రేషన్ కార్డు జిరాక్సు తెచ్చి దానికి గుండుసూదితో గుచ్చింది. మా వీధిలో ఎవరైనా కాగితం పట్టుకొచ్చి, కష్టసుఖాలు అడిగి, సంతకం తీసుకున్నారంటే అది మను, అంటే అర్జీ అన్నమాట. సోమవారం కలెక్టరాఫీసులో ఇచ్చేది అదే. కార్డు జిరాక్సు లేని మను చెల్లదని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఇది మను కాదవ్వా. కాలేజీ పేపరు. చుమ్మా, ఊరికే నా చదువుకు," అన్నాను.

"చదువుకా? అయితే ఇంకో దినం రా పాపా, పనుండాది," అని కాగితం నా చేతికే తిరిగిచ్చేసింది.

రెండో ఇంట్లోనూ అదే జరిగింది. మూడో ఇంటికి వచ్చేసరికి నాకు తెలివి ఎక్కువైంది. జిరాక్సు తెస్తే వద్దనలేదు, గుచ్చండి అన్నాను. ఇక చూడాలి నా వైభోగం. పిలిచి, పీట వేసి, కాఫీ ఇచ్చి మరీ జవాబులు చెప్పారు. సాయంత్రం ఇంటికొచ్చి జిరాక్సులన్నీ ఊడదీసి ఒక సంచిలో వేసేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈ చదువులో మాత్రం అడిగేవాడికి చెప్పేవాడు లోకువ.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే ఆమెను నేను వరసకు అత్తా అని పిలుస్తాను. మామ ఆత్తిపట్టు పవర్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోయి వారానికొకసారి వచ్చేవాడు. అత్తది పెద్ద నోరు, పెద్ద నవ్వు. "ఏమి డాక్టరమ్మా, మా పిచ్చి కుదురుస్తావా?" అంటూ మగ్గం మోటారు ఆపి నా ఎదుట కూర్చుంది.

ప్రశ్నలు సాగేకొద్దీ ఆ నవ్వు తగ్గింది. నిద్ర దగ్గర మూడు, ఆకలి దగ్గర మూడు. బతికుండటం కంటే చచ్చిపోతే మేలని ఎన్నాళ్ళు అనిపించింది అన్నది చివరి ప్రశ్న. మిగతావాళ్ళంతా ఆ ప్రశ్నకు లెంపలేసుకుని, ఇట్లాంటివి అడుగుతారా అని నన్ను తిట్టి, సున్న వేయించారు. అత్త తిట్టలేదు. కొంగు చివర మడత పెడుతూ విప్పుతూ కూర్చుంది.

"దినామూ అనిపిస్తుంది పాపా," అంది. "యాడా చెప్పలా. నీకే చెప్పినా."

నేను మూడు దగ్గర గీత పెట్టాను. ఎందుకు అనిపిస్తుందని అడగలేదు. నా కాగితంలో ఆ ప్రశ్న లేదు.

"దీన్ని చూసి డాక్టర్ని పంపిస్తారా?" అంది.

"చూస్తారత్తా," అన్నాను. జిరాక్సు గుచ్చనిచ్చినదాన్ని, ఇప్పుడు కాదని ఏ మొహంతో చెప్పను? పైగా ఇంకా అయిదారు ఇళ్ళు మిగిలి ఉన్నాయి.

చెప్పిన జవాబులు ఎవరికీ చెప్పకూడదనే నియమం నాకు బాగా గుర్తుంది. మనకు సుఖంగా ఉండే నియమాలు అట్లా గుర్తుంటాయి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే పెద్దవాళ్ళకు చెప్పి తీరాలన్నది కూడా అదే పేజీలో ఉంది. అది చదివి, కింద గీత కూడా గీసుకున్నాను, పరీక్షకు వస్తుందని.

జవాబులన్నీ కంప్యూటర్‌లో ఎక్కించాను. చివరి ప్రశ్న నిలువు వరుసలో పైనుంచి కిందిదాకా సున్నలు, నడుమ ఒక్క మూడు. సగటు తీసేసరికి ఏమీ లేనట్టే వచ్చింది. ఈ సమూహంలో చావు ఆలోచనలు చెప్పుకోదగ్గ స్థాయిలో లేవు అని రాశాను. లెక్కలో తప్పు లేదు. ఆ మూడు ఎవరిదో తెలిసి కూడా ఆ వాక్యం రాశాను. వైవాలో మెచ్చుకున్నారు, మార్కులు బాగా వచ్చాయి. సంతోషపడ్డాను కూడా, దాచడమెందుకు.

తర్వాత అత్త కనబడినప్పుడల్లా, "యాడిదాకా వచ్చింది పాపా మన మను?" అని అడిగేది. టైం పడుతుందత్తా అనేదాన్ని. రెండు మూడుసార్లు అట్లా అయ్యాక బస్టాపుకు వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టాను, తేలు కుట్టిన దొంగలా.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, వీధివాళ్ళంతా పెరియపాళయం పోయి అమ్మవారిని చూసొచ్చారు. మరునాడు అమ్మ బియ్యం ఏరుతూ అంది:

"మీ అత్త గుడికాడ గూడా ఉలకదు పలకదు. మనిషి సగమైపోయింది. ఆసుపత్రికి పోదాం రామ్మే అని ఎన్నితూర్లు పిలిచినానో. వద్దొదినా, కాలేజీ నుంచి డాక్టరు వస్తాడు, మను ఇచ్చినా అంటాది. ఏ కాలేజీనో ఏమో. నీదేనా?"

సాయం చేయకపోవడం ఒక ఎత్తు. అమ్మ చేయబోయిన సాయానికి నా కాగితమే అడ్డం పడి ఉంది.

అప్పటికప్పుడే వెళ్ళాను. మగ్గం నడుస్తోంది. ఆ చప్పుడులోనే చెప్పేసి వద్దామనుకున్నాను గానీ, నన్ను చూసి ఆమే మోటారు ఆపింది.

"డాక్టరు ఎవరూ రారత్తా. నేను ఎవరికీ పంపలా."

"మరి ఆ పేపరు దేనికి?"

"నా మార్కులకు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. "వచ్చినాయా?" అంది.

"వచ్చినాయత్తా."

"సరి," అని మళ్ళీ మోటారు వేసింది.

మరునాడు అమ్మా నేనూ బతిమాలి ఆమెను తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు చిన్న వయసు ఆడమనిషి, ఓపికగా తమిళంలో అడిగింది. దాదాపు నా ప్రశ్నలే, అదే వరస. నిద్ర పడుతుందా అంటే పడుతుంది అంది అత్త. అన్నం తింటున్నారా అంటే బాగానే తింటున్నాను అంది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అంటే, "అదెల్లాం ఇల్లమ్మా," అట్లాంటిదేం లేదని నవ్వింది కూడా. అన్నిటికీ సున్న. అట్లాంటి కాగితం నాకు వచ్చి ఉంటే నిమ్మళంగా ఉన్న మనిషి అని పక్కన పెట్టేదాన్ని.

ఇక ఉండబట్టలేక, రోజూ అనిపిస్తుందని నాతో చెప్పింది డాక్టర్ అన్నాను. అత్త నావైపు తిరగలేదు.

"అది నీ మార్కులకు చెప్పింది గదా పాపా," అంది తెలుగులో, మెల్లగా.

డాక్టరుకు తెలుగు రాదు. అమ్మకు వచ్చు. అమ్మ నన్ను చూసిన చూపుకు అక్కడే నేల చీలితే దిగిపోదామనిపించింది. డాక్టరు మా ఇద్దరినీ బయట కూర్చోమని తలుపు వేసుకుంది. చాలాసేపటికి అత్త కళ్ళు తుడుచుకుంటూ మందుల చీటీతో వచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రికి అమ్మను తోడు పిలిచేది గానీ నన్ను పిలవలేదు.

ఇప్పటికి ఏళ్ళు గడిచాయి. అత్త ఉంది, మగ్గం నడుపుతోంది. నన్ను చూస్తే పలకరిస్తుంది, కూర వండితే గిన్నెలో పెట్టి పంపిస్తుంది. మనసులో ఏమీ పెట్టుకోలేదు అంటుంది అమ్మ. కనబడినప్పుడల్లా నేను ఎట్లుండావత్తా అని అడుగుతాను. "బాగుండా పాపా," అంటుంది. మనిషి చెప్పే జవాబులో నిజమెంతో తూచడమే నేను నేర్చుకున్న చదువు, పిల్లలకు నేర్పుతున్న చదువు. ఆ ఒక్క జవాబు మాత్రం నిజమో కాదో నాకు తెలియదు. ఆమె నాకు నిజం చెప్పిన రోజు ఒకటుంది. ఆ రోజు నేను గీత పెట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయాను.