గొడుగు గుడ్డ తెరచాప

మా రేష్మ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు పందెం పడవ. గాలితో పరుగెత్తే తెరచాప పడవకు చిన్న నమూనా. పడవంతా తనే చేసుకుంది, తెరచాప మాత్రం గొడుగు గుడ్డతో నన్ను కుట్టమంది. సోమవారం కాలేజీలో చూపించాలి. పడవ నడవకపోతే మార్కుల్లేవు. అందుకే ఆదివారం నడిపి చూద్దామని సూర్యలంక సముద్రపొడ్డుకి బయలుదేరాం.

ఉదయం ఆరింటికి రేపల్లెలో పాసింజరెక్కాం. రెండు మూరల పడవ నా ఒళ్లో, దాని అడుగున బిగించే సీసపు రెక్క రేష్మ ఒళ్లో. ఎదుటి సీటావిడ "ఏంటి వదినా, పిల్లాడికి బొమ్మా?" అంది. "బొమ్మ కాదండీ, మా అమ్మాయి పరీక్ష" అన్నాను, గర్వంగానే. ఏడుంపావుకి తెనాలి. స్టేషన్ బయట ఇడ్లీ తిని, బండి మారి తొమ్మిదింటికి బాపట్లలో దిగాం. అక్కణ్నించి షేర్ ఆటో. పెద్ద సామానుతో రాకండి, మోకాళ్లు పెట్టుకోడానికే చోటుండదు.

సముద్రంలో అలలెక్కువని, జాలర్ల పల్లె వెనక ఉప్పుకాలువలో వదిలాం. గాలి బాగానే ఉంది. మా పడవ మాత్రం పక్కకు జారుతూ నత్తలా కదిలింది. రేష్మ తాళ్లు బిగించింది, వదులు చేసింది, సీసాన్ని ముందుకు జరిపింది. మూడుసార్లూ అంతే. దాని మొహం చూడలేకపోయాను.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి, గుడ్డ మీద అరచెయ్యి వేశాడు. "ఏంటమ్మా, పలకలాగా కుట్టారు? చాపకి పొట్ట ఉండాలండి. లేకపోతే గాలి లాగదు."

అప్పుడు గుర్తొచ్చింది. రేష్మ కాగితం మీద గీసిచ్చిన ముక్కల అంచులన్నీ కొద్దిగా ఒంపు తిరిగి ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, పాపం పిల్లకి గీత తిన్నగా రాలేదనుకున్నాను. స్కేలు పెట్టి సరిచేసి, ఒక్క ముడత లేకుండా కుట్టి, మురిసిపోయాను కూడానూ!

"నీ ఒంపులు నేనే తీసేశానే తల్లీ" అన్నాను. అది చాపను నిలువు కర్ర నుంచి విప్పి నా ఒళ్లో పెట్టింది. తిట్టినా బాగుండేది.

సంచిలో సూదీదారం ఎప్పుడూ ఉంటాయి. ఇసుకలో కూర్చుని కుట్లు విప్పాను. కత్తిరించిన గుడ్డ తిరిగి రాదు కదా, జాకెట్టుకి డాట్లు వేసినట్టు అంచుల్లో సన్నగా మడిచి కుట్టుకొచ్చాను. ప్రతి డాటుకీ "ఎంత లోతే?" అని అడిగాను.

"కర్ర వైపు ఎక్కువ, వెనక్కొచ్చేకొద్దీ తక్కువ అమ్మీ" అంది.

గాలి ఆ ఒంపు వెంట జారిపోతూ పడవను ముందుకు లాగుతుందట. అడుగున రెక్క పక్కకు జారనివ్వదట. ఈసారి మొత్తం విన్నాను.

పన్నెండు దాటాక మళ్లీ వదిలాం. చాప నిండింది. పడవ ఒక పక్కకు ఒరిగి, నీళ్లు చీల్చుకుంటూ దూసుకుపోయింది. రేష్మ చెప్పులు వదిలేసి ఒడ్డు వెంట పరుగెత్తింది. "పట్టుకో అమ్మాయ్, అవతలికి పోద్ది!" అని పెద్దాయన ఒకటే నవ్వు. నేను కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాను.

సాయంత్రం తెనాలిలో రేపల్లె బండెక్కాక, రేష్మ ప్రాజెక్టు పుస్తకంలో రాస్తూ రాస్తూ నా భుజం మీద నిద్రపోయింది. నాకొచ్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. మొదటి చాప పనిచేయలేదని రాసింది. ఒంపు ఎందుకో కుట్టేవారికి తను చెప్పలేదట, పొరపాటు తనదేనట.

చెప్పింది. రెండుసార్లు చెప్పింది. "కత్తెర పని నాకు నేర్పుతావా" అని మిషను తొక్కుతూ కూర్చున్నది నేను.

సూర్యలంకలో సముద్రం చాలా బాగుంటుందంటారు. అంత దూరం వెళ్లి నేను సరిగా చూడనేలేదు. నా కూతుర్ని చూసుకున్నాను. రేపల్లె వచ్చేదాకా భుజం కదపలేదు.