సాగదీత మాటలతో దొరికిన నౌకరీ

1979 జూన్ మొదటి సోమవారం, పొద్దున పదకొండు గంటలకు హన్మకొండలో ఒక సర్కారు ఆఫీసువాళ్లు నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. అటెండర్ పోస్టు. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. అక్షరాలు నేర్చి రెండేళ్లు.

ఆ నౌకరీ రాకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాణ్ని. పేక దారం కొట్టీ కొట్టీ కుడి భుజం పోయింది. దవాఖానాలో డాక్టరు టెండన్ సాగిందన్నాడు, ఇక మగ్గం ముట్టొద్దన్నాడు. టెండన్ అంటే ఏమిటని మా వయోజన బడి పంతులును అడిగాను. అదే నా తప్పు. ఆయన వారం రోజులు వదల్లేదు. కండను ఎముకకు కట్టే తాడే టెండనట. లాటిన్‌లో సాగదీయడం అనే ఒక్క వేరు నుంచే టెండన్, టెంటు, టెన్షన్, అటెన్షన్ పుట్టాయట. అటెండర్ అంటే ఒకరి వైపు మనసు సాచినవాడట. ఇంగ్లీషులో నాకు వచ్చింది ఆ కుటుంబం ఒక్కటే. భుజం సంగతి మాత్రం ఇంటర్వ్యూలో ఎత్తొద్దని గట్టిగా చెప్పి, నమ్మకం లేక పంతులు తనే వెంట వచ్చాడు.

ఇంగ్లీషు వచ్చా అని సూపరింటెండెంటు అడిగాడు. సాగదీసే మాటలు వస్తాయన్నాను. బల్ల మీద ఇంగ్లీషులో సూపరింటెండెంట్ అని రాసిన పలక చూపించి చదవమన్నాడు. నేను కూడబలుక్కుని ముగించేసరికి పక్కన గుమాస్తా సగం చాయ్ తాగేశాడు.

"ఇది గూడ ఆ ఇంటి మాటనే సార్. మీరు మీదికెల్లి సూపు సాపుతరు, నేను కిందికెల్లి మెడ సాపుత. ఇద్దరిది ఒక్కటే ఇంటిపేరు."

గుమాస్తాకు పొలమారింది. సూపరింటెండెంటు నవ్వలేదు.

"అయితే నా కుర్చీల కూసుంటవా?"

"వద్దు సార్. దాంట్ల టెన్షన్ ఎక్కువ."

మరీ సాగదీస్తే ఏమవుతుందని అడిగాడు. మగ్గం మీద పడుగు దారం తెగుతుందని ఊరుకుంటే సరిపోయేది. నా నోరు ఊరుకోదు.

"తెగుతది సార్. నా భుజం గట్లనే పోయింది."

నీళ్ల బిందెలు, ఫైళ్ల కట్టలు మోసే ఉద్యోగం అది. కిటికీ అవతల పంతులు నుదురు కొట్టుకున్నాడు.

"మరి బిందె ఎట్ల లేపుతవు?"

"ఎడమ చేత్తోని. అది ఇంక సాగలే."

నాకు ముందు వచ్చిన ఇద్దరూ ఏ రోగమూ లేదన్నారట. ఒకడైతే దగ్గుతూనే చెప్పాడట. సూపరింటెండెంటు ఆఫీసులో ఒక్కడైనా నిజం చెప్పేవాడుండాలని నా పేరు ఆర్నెల్లకు రాయించాడు. పని బాగుంటే ఎక్స్‌టెన్షన్ ఇస్తానన్నాడు. ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు నాకు. పదేళ్లు సాగింది.

ఆ రోజు అక్కడ ఉన్నది సూపరింటెండెంటు, గుమాస్తా, దగ్గిన మనిషి, దగ్గని మనిషి, కిటికీ బయట పంతులు, నేను. ఈ ముచ్చట పాకాక మా వాడలో సగం మంది తామూ అక్కడ ఉన్నామన్నారు. నమ్మకండి.