అతికించని మీసం

మొన్న ఆదివారం భోజనం చేసి నడుం వాల్చానో లేదో, మా బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా అక్క మొగుడు. డెబ్బై దాటినా ఫోన్‌లో ఇప్పటికీ నాలుగో అంతస్తు మీంచి సిమెంటు తెమ్మని కేకేసినట్టే మాట్లాడతాడు. "బామ్మర్దీ, టీవీ పెట్టు. మన దొర వచ్చిండు. ముసలోడైండు గని చెవులు గవ్వే" అన్నాడు. పెట్టాను. ఏదో ఇంగ్లీషు సినిమా. కిటికీ పక్కన కుర్చీలో ఒక తాత కూర్చుని ఉన్నాడు. నేనూ మొహం కంటే ముందు చెవులే చూశాను. ఆయనే.

ఆ చెవుల సంగతి చెప్పాలంటే మస్కట్ దాకా వెళ్లాలి. ఎనభైలు ముగుస్తున్న రోజులు. నేనక్కడ ఒక పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసేవాణ్ణి. బావ ఒక కంపెనీలో తాపీమేస్త్రీ. మస్కట్ శివార్లలోని మబేలాలో ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం, మాతోపాటు మా జగిత్యాల వైపు వాళ్లు ఇంకో నలుగురు. శుక్రవారం డ్యూటీ ఉండదు కాబట్టి వీడియో క్యాసెట్ అద్దెకు తెచ్చుకునేవాళ్లం. మలయాళీ కొట్లో తెలుగు క్యాసెట్లు మేం వెళ్లేలోపే ఎవరో పట్టుకుపోయేవారు, మిగిలేవి ఇంగ్లీషువి. మాటలు అర్థం కాకపోయినా కొట్లాటలు అర్థమవుతాయి కదా అని బావ అవే తెచ్చేవాడు. అలా చూడగా చూడగా నేనొకటి కనిపెట్టాను. ఒక సినిమాలో చర్చి ఫాదర్, ఇంకోదాంట్లో జేబుదొంగ, మరోదాంట్లో కిరీటం పెట్టుకున్న రాజు, ముగ్గురూ ఒకే మనిషి. ఆ మాట అంటే రూమ్ రూమంతా నవ్వింది.

నాకా విద్య చిన్నప్పుడే అబ్బింది. మా ఊరికి ఏటా పగటి వేషాలాయన వచ్చేవాడు. ఒకరోజు పోలీసు, మర్నాడు ఎరుకలసాని, ఆ మర్నాడు ఫకీరు. ఆఖరి రోజున ఏ వేషం లేకుండా మామూలు పంచెలో ఇంటింటికీ వచ్చి ధాన్యం అడిగితే ఎవరూ పోల్చుకోలేకపోయేవారు, నేను తప్ప. మొహానికి ఎన్ని రంగులైనా పూస్తాడు, చెవులకేం చేస్తాడు? మేం దొర అని పిలుచుకున్న ఆ సినిమా నటుడి చెవులూ అంతే. కింద తమ్మె లేకుండా బుగ్గకు అంటుకుపోయి, పైన కొస కాస్త మొనదేలి ఉంటాయి.

నా చెవుల శాస్త్రం విని బావకు పౌరుషం వచ్చింది. "గా ముగ్గురు ఒక్కడే అని తేలితే నా మీసం తీసేస్త. తేలకపోతే మనం ఇంటికి పొయ్యేదాక రూమ్‌ల వంట నీదే" అన్నాడు. బావ మీసం మామూలు మీసం కాదు. పెళ్లిచూపుల్లో అక్క ఒప్పుకున్నది ఆ మీసాన్ని చూసేనని మా ఇంట్లో చెప్పుకుంటారు. సైట్‌లో సిమెంటు దుమ్ము పడకుండా దానికి తువ్వాలు కట్టేవాడు. నాకా, వంట రాదు. పందెం సంగతి నలుగురూ విన్నారు కాబట్టి ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గే దారి లేదు.

అలా ఉండగా, అతిథులు భోంచేస్తూ చూసేందుకు నాటకం వేయడానికని మా హోటల్లో ఇంగ్లండు నుంచి ఒక బృందం దిగింది. ఒక మధ్యాహ్నం నలిగిన కోటు పట్టుకుని బక్కపలచని బట్టతలాయన ఒకడు తానే లాండ్రీలోకి వచ్చాడు. చూస్తే బ్యాంకు గుమాస్తాలా ఉన్నాడు. ఆయన చెవులు చూసి నా చేతిలో ఇస్త్రీపెట్టె ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కిందున్న దిండు గలీబు కాలిపోయింది. నాకొచ్చిన హోటల్ ఇంగ్లీషులో ఫాదర్, దొంగ, రాజు అని వరసగా చెప్పి ఆయన వైపు చూపించాను. ఆయన మొహం వెలిగిపోయింది. తన సొంత ఊళ్లో బజారుకు వెళ్లినా ఎవరూ పోల్చుకోరట. పందెం సంగతి చెబితే పడీపడీ నవ్వి, శుక్రవారం మీ బావను తీసుకురా అన్నాడు.

శుక్రవారం స్టాఫ్ గేటులోంచి బావను లాండ్రీకి తెచ్చాను. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి మెలేసిన మీసం. దొరను పైనుంచి కిందిదాకా చూసి "గీ బక్కాయన రాజా? నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?" అన్నాడు. దొరకు మాట అర్థం కాలేదు గానీ చూపు అర్థమైంది. ట్రాలీలోంచి ఒక దుప్పటి లాగి భుజాల మీద వేసుకుని, రెండడుగులు నడిచి మా వైపు తిరిగాడు. బావ తనకు తెలియకుండానే స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. దొర నడుం కాస్త వంచి చేతులు జోడిస్తే ఫాదర్ అయ్యాడు. అదే దుప్పటి చంకలో కుక్కుకుని పక్కచూపు చూస్తే జేబుదొంగ, బావ చెయ్యి గబుక్కున తన జేబు మీదికి పోయింది. నాకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. మా వీధిలో వేషగాణ్ణి పోల్చుకుని గంతులేసిన పిల్లాణ్ణి మళ్లీ అయిపోయాను.

తర్వాత చాయ్ తాగుతూ దొర తన కథ చెప్పాడు. ఏదో చిన్న ఊళ్లో మొదటి వేషం శవమట. ఆ తర్వాత పొద్దున ఒక నాటకం నేర్చుకుంటూ సాయంత్రం ఇంకొకటి ఆడటం. ఈ వారం రాజుగా ఏలిన స్టేజీ మీదే వచ్చే వారం తలుపులు తీసే నౌకరు. సినిమాలు, టీవీ వచ్చాక కూడా ఏ వేషమిచ్చినా కాదనలేదట. నేను నాకు తోచినట్టు తెలుగు చేసి చెబుతుంటే బావ విన్నాడు. చివరికి లేచి "మంగలి దగ్గరికి పోదాం పా" అన్నాడు. మాట తప్పే మనిషి కాదు.

మంగలి మాట నేను చెబితే, దొర బావ దగ్గరికొచ్చి మీసాన్ని ఆశగా చూశాడు. తన బతుకంతా జిగురుతో అతికించుకున్న మీసాలేనన్నాడు. రేపు ఏ వేషం వస్తుందో తెలియక సొంతది పెంచే వీలే లేదట. అతికించినదానితో వేడి చాయ్ తాగితే ఆవిరికి ఊడి కప్పులో పడుతుందట. "నాకు దొరకనిది ఈయనకుంది. తీయనివ్వకు" అన్నాడు నాతో. పందెం గెలిచిన నేనూ సరేనన్నాను. ఆ సాయంత్రం బావ కోడికూర తానే వండి నా కంచంలో రెండు కాళ్లూ వేశాడు.

ఇప్పుడు టీవీలో ఆ తాతకు గుబురు తెల్ల మీసం ఉంది. "అతికించిందేమో బావా" అన్నాను.

"మంచిగ సూడు బామ్మర్దీ. పొగలు కక్కే చాయ్ తాగుతుండు. ఊడలె" అన్నాడు బావ.

నిజమే. ఆయన కప్పు దించి మీసాన్ని తీరిగ్గా, ఇష్టంగా తుడుచుకున్నాడు. ఫోన్‌లో బావ నవ్వుతున్నాడు, నేనూ నవ్వుతున్నాను. ఒక మీసం సొంతంగా పెంచుకోవడానికి ఆయనకు తీరిక దొరికేసరికి, మా ముగ్గురి మీసాలూ తెల్లబడ్డాయి.