అలకు నిలిచే క్లచ్

మీ బండి క్లచ్ రెండుసార్లు మాడిపోయిందనుకోండి. మూడోసారి మాడకుండా ఉండటానికి ముందు ఎవరిని అడుగుతారు? ఇంజను తెలిసినవాడినా, నిమ్మకాయలు కోసేవాడినా? తొందరపడి జవాబు చెప్పకండి. ముందు మీ బండి బంపరుకు ఏం కట్టి ఉందో వెళ్లి చూసి రండి.

జూన్ నెలాఖరులో నేను విశాఖ వెళ్లింది ఈ ప్రశ్న పట్టుకునే. రుషికొండ దాటి భీమిలి దారిలో ఉన్న ఒక జాలరిపేటలో ఎల్లాజీ అనే మిత్రుడున్నాడు. ఒకప్పుడు మా హేతువాద సభకు వచ్చి, నేనన్న ప్రతి మాటకూ అడ్డుపడి, చివర్లో నాకు టీ పోయించి వెళ్లిన మనిషి. ఆయన ఫోను చేశాడు.

“మేస్టారూ, మా బండికి గంగమ్మ కోపం తగిలిందంతన్నారు. ఒకపాలి వత్తారేటి?”

“బండికేమైంది?”

“క్లచ్ మాడిపోనాది. ఇది రెండోపాలి. నడిపింది మా నూకరత్నం గదా. అదీ ఆళ్ల గొడవ.”

నూకరత్నం ఆయన కూతురు. ఇంట్లో ఉన్న డీజిల్ పికప్పును ఆమే నడుపుతుంది. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక కుర్రాడి దగ్గర దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. ఆ కుర్రాడు సరదా కోసం కంప్యూటర్ పెట్టించి ఇంజను బలాన్ని బాగా పెంచాడట. ఎల్లాజీ కుటుంబం ఆ బలాన్ని పనిలో పెట్టింది. వేట నుంచి వచ్చిన ఫైబర్ పడవలకు తాడు కట్టి, సముద్రంలోంచి ఇసుక మీదికి లాగడం ఆ బండి పని. ఆ తరవాత చేపలను తగరపువలస సంతకు మోస్తుంది. రెండోసారి క్లచ్ జారినప్పుడు సగం పైకొచ్చిన పడవ వెనక్కి జారి ఒక మనిషి కాలు విరగ్గొట్టింది. పేట పెద్దలు కూర్చున్నారు. ఆడది పడవ తాడు లాగితే గంగమ్మ ఒప్పుకోదన్నారు. ఇంకొక్కసారి క్లచ్ మాడితే పడవలు లాగే పని పక్క పేట ట్రాక్టరుకు పోతుంది, రత్నం మళ్లీ స్టీరింగు ముట్టకూడదు. ఎల్లాజీ తల ఊపి వచ్చేశాడు.

ఆ తల ఊపుడు నాకు నచ్చలేదు. బండిని గాజువాకలో మంచి మెకానిక్ షెడ్డుకు చేర్చమన్నాను. మర్నాడే తునిలో ఉదయం ఆరున్నరకు ప్యాసింజరు ఎక్కాను.

కిటికీ పక్కన పనసపండ్ల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగితే గాజువాకకు, క్లచ్ కొనడానికి అన్నాను.

“మా అల్లుడికి ఆటో ఉంది బాబూ,” అందామె. “పెతీ అమాసకీ దానికి గుమ్మడికాయ కొడతాడు. బ్రేకులు మాత్రం ఏయించడు.”

“మీరు చెప్పొచ్చు కదా?”

“సెప్పినాను. నన్ను ఆటో ఎక్కొద్దన్నాడు.”

నేను నలభయ్యేళ్లుగా ఉపన్యాసాలిస్తున్నాను. ఇంత పొట్టిగా, ఇంత సూటిగా ఒక్కటీ ఇవ్వలేదు. ఆమె అనకాపల్లిలో దిగింది. నేను తొమ్మిది దాటాక దువ్వాడలో దిగి, షేర్ ఆటోలో ముప్పై రూపాయలిచ్చి గాజువాక చేరాను. ఆటోలోంచి ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనిపించాయి. నేనెప్పుడు చూసినా వాటి ముందు నోరు మూతపడుతుంది. ఎర్రటి రాయిని తెచ్చి, కొలిమిలో కరిగించి, నీళ్లలా పారించి, తీగలుగా, కడ్డీలుగా సాగదీస్తున్నారు. ఏ మంత్రగాడైనా ఇందులో వెయ్యోవంతు చేసి చూపించాడా? అయినా ఆ గొట్టాల నీడలోనే ప్రతి దుకాణానికీ ఒక దిష్టిబొమ్మ వేలాడుతోంది.

బస్టాపు పక్కన ఇడ్లీ తిని సాల్మన్ గారి షెడ్డుకు వెళ్లాను. బరువు బండ్ల క్లచ్‌లకు ఆ చుట్టుపక్కల పేరున్న మెకానిక్ ఆయన. గోడ మీద శిలువ, దాని కింద స్పానర్లు. నా చూపు శిలువ మీద నిలవడం ఆయన గమనించాడు.

“ప్రార్థన వేరు, ప్లేటు వేరండి మేస్టారూ,” అన్నాడు నవ్వుతూ. “రెండూ కలిపితే రెండూ పాడవుతాయి.”

పికప్పు అక్కడే ఉంది. ముందురోజే లారీకి కట్టి తెచ్చారు. దాని పక్కన పాత టైరు మీద కూర్చుని ఎల్లాజీ టీ తాగుతున్నాడు. చుడీదారు మీద తండ్రి చొక్కా తొడుక్కున్న పిల్ల బండి కిందనుంచి పాక్కుంటూ బయటికి వచ్చింది.

“దేవుడే నేడని మైకులో కేకలేసీ మేస్టారు మీరేనా?”

“నేనే. నువ్వు గంగమ్మకు కోపం తెప్పించిన రత్నానివా?”

“కోపం గంగమ్మకి కాదు, గురయ్య మావకి,” అంది. గురయ్య ఆ పేట పెద్ద. ట్రాక్టరు మాట తెచ్చింది ఆయనే.

సాల్మన్ మాడిన ప్లేటు చేతికిచ్చాడు. కంచమంత చక్రం. ఇంజనుకూ చక్రాలకూ మధ్య పట్టు అంతా దీనిదే. దాన్ని ఒత్తిపట్టే ఉక్కు ముఖం మీద నీలం మచ్చలు తేలి ఉన్నాయి. ఉక్కు నీలంగా మారాలంటే ఎంత వేడి పుట్టి ఉండాలో ఆలోచించండి. ప్లేటు మీది పొర రివెట్ల దాకా అరిగిపోయింది. మాడిన వాసన ఇంకా వదల్లేదు.

“కంపెనీ ఇచ్చిన క్లచ్ కంపెనీ ఇచ్చిన బలానికేనండి,” అన్నాడాయన. “ఆ సాఫ్ట్‌వేర్ బాబు ఇంజను పెంచాడు గానీ క్లచ్ పెంచలేదు. ఇది జారక ఏం చేస్తుంది?”

సగం దెయ్యం అక్కడికక్కడే దిగిపోయింది. ఇక కొత్తది ఎంచుకోవాలి. బల్ల మీద మూడు రకాలు పరిచాడు. మొదటిది పాత రకం ప్లేటే, ఒత్తిపట్టే స్ప్రింగు మాత్రం గట్టిది. రెండోది చుట్టూ సెరామిక్ ముక్కలు బిగించినది. ఎంత వేడికైనా జంకదు, పట్టుకుంటే వదలదు. మూడోది ఒకదాని వెనక ఒకటి రెండు ప్లేట్లున్న జంట క్లచ్.

నేను వెంటనే సెరామిక్ చూపించాను. శత్రువును ఓడించాలంటే బలమైన ఆయుధమే కావాలనడం నా స్వభావం.

“ఒద్దు,” అంది రత్నం. “మా సిన్నాన్న కొడుకు లారీకి ఇదుంది. పెడలు ఒగ్గితే గుద్దినట్టు పట్టీసుకుంతాది. ఇసకలో అలా పట్టుకుంతే సక్రాలు గొయ్యి తవ్వేస్తాయి, నేదా తాడు తెగిపోద్ది. తాడు తెగి ఎవలికి తగుల్తాదో మీరు సూళ్లేదు మేస్టారూ.”

“మరి గట్టి స్ప్రింగుది?”

“సరిపోవచ్చు,” అన్నాడు సాల్మన్. “కానీ నాకో అనుమానం. బలం చాలకపోతే క్లచ్ జారుతుంది, నిజమే. ఇంత త్వరగా ఇంతలా మాడటానికి ఇంకేదో ఉండాలి. అమ్మా, పడవ ఎలా లాగుతావో మొదటినుంచీ చెప్పు.”

ఆమె బండి ఎక్కి కూర్చుని, ఇంజను స్టార్టు చెయ్యకుండానే చేసి చూపించింది. కొక్కెం తగిలిస్తారు. మొదటి గేరు. ఇంజను గట్టిగా రేజ్ చేసి, క్లచ్ సగం వదిలి, తాడు బిగబట్టి ఉంచుతుంది.

“ఇసుకలో లాగడానికి వేరే లీవరుంది కదా, మొదటి గేరుకన్నా చిన్న గేరు, అది వెయ్యవా?” అని అడిగాడు సాల్మన్.

“ఏత్తే నత్తలా కదుల్తాది. ఈలోపల అల ఎళ్లిపోద్ది.”

“అలా సగం క్లచ్ మీద ఎంతసేపు?” అన్నాను.

“అల వచ్చీదాకా.”

“అల ఎప్పుడొస్తుంది?”

“దాని ఇష్టం!” అంది నవ్వుతూ. “మంచి అల పడవ కిందకొచ్చి ఎత్తినప్పుడే లాగాల. ముందర లాగితే పడవ ఇసకలో దిగబడి ఉంతాది. ఎనక లాగితే అలతో పాటు జారిపోద్ది. అందరూ ఓ అని అరుత్తారు, అప్పుడు ఒగ్గుతాను.”

“తాడు బిగబట్టి ఉంచమని ఎవరు చెప్పారు?”

జవాబు ఎల్లాజీ చెప్పాడు. “ఎవలో సెప్పడమేటి మేస్టారూ? మా తాతలకాడ్నించీ అంతే గదా. ముప్పై మందిమి తాడట్టుకుని, కాళ్లు ఇసకలో దిగ్గొట్టి, బిగబట్టి అల కోసం నిలబడతాం. తాడు వదులైతే పడవ సముద్రానిదే.”

అన్నాక ఆయనే తన అరచేతులు చూసుకున్నాడు. సాల్మన్ నా వైపు చూశాడు. రత్నం నా చేతిలోని మాడిన ప్లేటు వైపు చూసింది. ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. ముప్పై మంది అరచేతులు చేసే పనిని ఆ పిల్ల యథాతథంగా ఒక్క ప్లేటుకు అప్పగించింది. మనిషి చెయ్యి మండితే పట్టు మార్చుకుంటాడు, పక్కవాడు అందుకుంటాడు. ప్లేటుకు పక్కవాడు లేడు. పడవ బరువంతా లాక్కుంటుంటే, పెంచిన ఇంజను ఆ పక్కన తిరుగుతుంటే, అల వచ్చేదాకా నిలబడి అది కాలుతూనే ఉంది. ఇందులో ఆడదెక్కడ? గంగమ్మ ఎక్కడ? ఉన్నదల్లా రాపిడి.

జంట క్లచ్ తీసుకున్నాం. మూడింటిలో అదే ఎక్కువ ఖరీదు. వేడిని రెండు ప్లేట్లు పంచుకుంటాయి, పట్టు గట్టిగా ఉన్నా మెత్తగా అందుకుంటుంది. పెడలు మాత్రం బరువని సాల్మన్ హెచ్చరించాడు. మరో బండిలో ఉన్నదాన్ని రత్నం తొక్కి చూసింది.

“మంచు దిమ్మలు ఎత్తీదాన్ని. ఇదో బరువేటి?”

మర్నాడు మధ్యాహ్నానికి బిగించారు. కొత్త ప్లేట్లు కుదురుకునేదాకా ఊళ్లో మెల్లగా తిప్పమని, పడవ జోలికి పోవద్దని సాల్మన్ చెప్పాడు. ఆ నాలుగు రోజులూ గాజువాకలో ఒక మామూలు లాడ్జిలో దిగాను. రత్నం మంచు దిమ్మలు, వలలు, ఉల్లిపాయల బస్తాలు ఏది దొరికితే అది మోసింది. పక్క సీట్లో కూర్చుని నేను ఊరు చూశాను.

వెళ్లదలిచినవారికి చెబుతున్నాను, విశాఖను కారులో కాక బరువు మోసే బండిలో చూడండి. సింధియా మీదుగా పోర్టు రోడ్డులో బొగ్గు లారీల వరస మధ్య నిలిచిపోయినప్పుడు, గోడ అవతల క్రేను ఒక కంటెయినరు పెట్టెను ఎత్తడం చూశాను. మా తుని ఇల్లు అందులో పట్టేస్తుంది. అంత బరువును అది గాలిలో నిలిపి, ఓడలో పక్క పెట్టె అంచుకు ఆనించి దించింది. ఎవరో ఒక మనిషి పైన అద్దాల గదిలో కూర్చుని ఆ పని చేస్తున్నాడు. అతనికి ముహూర్తం అక్కర్లేదు. ఒక్క రోజు తిరిగేసరికి నాకు భక్తులంటే కోపం కాస్త తగ్గింది. వాళ్లకు కలిగే ఆ పులకింతే నాకూ కలిగింది, చిరునామా వేరంతే.

అయిదోరోజు సాయంత్రం నాలుగింటికి పేట చేరాం. తూర్పుగాలి గట్టిగా ఉంది. పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు వస్తున్నాయి. గురయ్య ఇసుక మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. తెల్ల మీసాలు, సన్నని కాళ్లు.

“ఏటే రత్నం, కొత్త క్లచ్చికి పసుపు రాసినావా?”

“నీ నోటికి రాత్తాను మావా, కాసేపు మూసుకుంతాది.”

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇవాళ మాడితే ఆ పిల్ల రేపటినుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లాలి.

మేం అనుకున్న పద్ధతి ఇది. రత్నం ఇక తాడు బిగబట్టి ఉంచదు. పెడలు పూర్తిగా తొక్కి ఉంచి, అరుపు వినగానే వదులుతుంది. తాడు వదులుగా ఉండటం చూసి పడవ దగ్గరి మనుషులు గొణిగారు. అల వచ్చి పడవను ఎత్తింది. వాళ్లు అలవాటు చొప్పున అప్పుడే ఓ అని అరిచారు. రత్నం పెడలు వదిలేసరికి అల వెనక్కి మళ్లింది. పడవ దబ్బున ఇసుకలో కూలబడి, మూరెడు వెనక్కి జారింది.

“సూసినారా?” అన్నాడు గురయ్య. చుట్ట నోట్లోంచి తియ్యలేదు.

వదులు తాడు బిగిసేలోపే అల దాటిపోతోందని, అరుపు ఇంకా ముందే పడాలని ఎల్లాజీ కనిపెట్టాడు. లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. పడవను దాటి, నడుముల్లోతుకు వెళ్లి, పడవకు వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. పడవ తాడు దగ్గర మనిషి పడవకు వీపు పెట్టడం ఆ పేటలో ఎవరూ చూడలేదు. రెండు అలలను వదిలేశాడు. దూరాన నీరు ఇంకా విరగకుండా నల్లగా లేచింది.

“ఒగ్గు!” అని అరిచాడు.

ఆ అల పడవకు ఇంకా చాలా దూరంలో ఉంది. రత్నం పాదం పైకి లేచింది. ఇంజను గొంతు ఒక్కసారి బరువెక్కింది, జారలేదు. తాడు లేచింది, బిగిసింది, దానిమీది నీళ్లు తుంపరగా చిట్లాయి. సరిగ్గా ఆ క్షణానే అల పడవ కిందికి వచ్చింది. సముద్రం ఎత్తింది, ఉక్కు లాగింది. అంత పడవా నురగలోంచి బయటపడి, ఇసుక మీద బరబరా పాకుతూ మా ముందునుంచి పైకి వెళ్లిపోయింది. వెనక చెయ్యి వేసిన మనుషులు పరుగెత్తలేక వదిలేశారు. నా ఒళ్లు గగుర్పొడిచింది. ఎక్కడో గనిలో రాయి, కొలిమిలో ఉక్కు, సాల్మన్ బల్ల మీద రెండు ప్లేట్లు, ఇప్పుడు ఒక ఆడపిల్ల పాదం కింద సముద్రంతో సరితూగుతున్నాయి. ఇంతకంటే పెద్ద మహిమను నాకు ఏ క్షేత్రంలోనైనా చూపించండి, వస్తాను.

చీకటి పడేలోపల వరసగా పడవలన్నీ పైకి లాగింది. గురయ్య లేచి వచ్చి, బండి పక్కన వంగి, గట్టిగా ఊపిరి పీల్చాడు.

“వాసన నేదు,” అన్నాడు. నడుం నిటారు చేసి, “రేపు నా పడవే ముందర లాగాల. సెప్తన్నాను. నిన్న గంగమ్మకి కోడినిచ్చినాను. అందికే నిలబడ్డాది.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాదానికి నోరు తెరిచాను. రత్నం నాకంటే ముందు అందుకుంది.

“కోడి నువ్వు తిను మావా. తాళం నా కాడే ఉంతాది.”

గురయ్య కాదనలేదు. తల అడ్డంగా ఊపుతూ తన పడవ వైపు నడిచాడు.

మర్నాడు తెల్లవారాక చేపల బుట్టలతో పాటు నన్ను తగరపువలసలో దింపింది. అక్కడినుంచి బస్సులో ఆర్టీసీ కాంప్లెక్సుకు, స్టేషనుకు, పదకొండు దాటాక తుని బండిలోకి. నిలబడే చోటే దొరికింది. దారి పొడవునా కోడి సంగతే మనసులో మెదిలింది. ఎన్నాళ్లుగానో నమ్మకాలను ఓడించాలని తిరుగుతున్నాను. ఆ పేటలో నమ్మకం ఓడిపోలేదు. కానీ దాని పేరుతో ఒక ఆడపిల్ల చేతిలోంచి లాక్కోవాలనుకున్న పని ఆమె చేతిలోనే నిలిచింది. వాదంలో గెలవడం కంటే అది పెద్దది. అందుకు ఉపన్యాసం చాలదు. మాడిన ప్లేటును చేతిలోకి తీసుకుని, ఎందుకు మాడిందని మొదటినుంచీ అడగాలి, చూపించిన కారణాన్ని అందరి కళ్లముందు పరీక్షకు పెట్టాలి.

చదివి ఊరుకోకండి. మీ ఇంట్లో బండి ఉంటే, ఇంతవరకూ దాన్ని ముట్టనివ్వని ఆడమనిషిని ఈ ఆదివారమే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టండి. మీరు పక్క సీట్లోకి జరగండి. తాళం ఆమె చేతిలో పెట్టండి.