మర్యాద అడ్డుపడిన ప్రశ్న

మా సార్ పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. ఇంగ్లండులో నేను ఫ్యామిలీ డాక్టర్ని; క్లినిక్‌లో మొదటి పేషెంటును పిలవబోతున్నాను. గుండెపోటట, నిద్రలోనే. ఫోన్ పెట్టేసి పేషెంటును లోపలికి పిలిచాను. ఏడుపు రాలేదు. రాలేదని ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది.

ఆయన గుంటూరు వైపు మనిషి, షెఫీల్డ్‌లో ఒక పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు. తొంభైల చివర్లో నేను ఆయన దగ్గర జూనియర్‌ని. కోటు జేబులో మోకాలి మీద కొట్టే సుత్తి, కాస్త దూది, డబ్బీలో గుండుసూదులు ఉండేవి. మధ్యాహ్నం తన పెరుగన్నంలో సగం నాకు పెట్టి, నేను కేసుల గురించి మొదలెడితే "ముందు తినవయ్యా" అని కసిరేవారు. తెలుగు పేషెంట్లను "బాగున్నారా" అని మాత్రం అడగనిచ్చేవారు కాదు.

"అట్టా అడిగితే మనవాళ్లు ప్రాణం పోతున్నా బాగున్నామనే అంటారు," అనేవారు.

ఒకసారి, కూతురి పురుటికని ఇండియా నుంచి వచ్చిన ఒక ఆంటీ వార్డులో చేరింది. పసిబిడ్డ స్నానం టబ్బు ఎత్తబోతే నడుం పట్టేసిందట. రెండు కాళ్లూ తిమ్మిర్లు. మా అమ్మ వయసు. కాళ్లు పరీక్షించి, మాత్రలిచ్చి ఇంటికి పంపవచ్చని రాశాను.

సార్ ఆ కాగితం చదివి, "ఒంటేలు సంగతి అడిగావా?" అన్నారు.

"లేదు సార్. పెద్దావిడ, మన తెలుగావిడ. ఎలా అడుగుతాను?"

"ఇంగ్లీషావిడైతే?"

అడిగేవాణ్ణే. తల వంచుకుని ఆయన వెనకే వార్డులోకి నడిచాను.

ఆవిడ కూతుర్ని బయట కూర్చోమని, సార్ మంచం పక్కకి కుర్చీ లాక్కున్నారు.

"అమ్మా, ఒంటేలు వస్తోందా? కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలినట్టు తెలుస్తోందా?"

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. "నిన్న పొద్దుటి నుంచీ రావట్లేదు బాబూ. అక్కడ చెయ్యి పెట్టినా తెలియట్లేదు. అల్లుడుగారింట్లో ఇట్టాంటి మాట ఎవరితో చెప్పను?"

స్కానింగుకు తీసుకెళ్తూ సార్ నాకు చెప్పారు. "వెన్నుపాము నడుం పైనే అయిపోతుంది. అక్కణ్ణించి కిందికంతా విడివిడి నరాలే, జడకుచ్చుల్లాగా. డిస్క్ జారి వాటిని నొక్కితే ఒంటేలూ దొడ్డీ కూడా స్వాధీనం తప్పుతాయి. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే ఆవిడకి జన్మంతా గొట్టమేనయ్యా."

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు ఆయన లేకపోతే ఒక మనిషి బతుకు నా మొహమాటం వల్ల పాడైపోయేది. ఈ మాట ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడైనా అనవచ్చు, అనలేదు.

సాయంత్రానికి ఆపరేషన్ అయింది. కాళ్లలో తిమ్మిరి తగ్గింది గానీ, అసలు సంగతి తేలలేదు. నాలుగో రోజు నర్సు మూత్రపు గొట్టం తీసేసింది. ఆ కబురు విని సార్ ఓపీ మధ్యలోంచి లేచి వచ్చారు. ఆవిడ వాకర్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్లింది. మేమిద్దరం బయట నిలబడ్డాం.

చాలాసేపు ఏమీ వినపడలేదు. సార్ చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నారు. తర్వాత సన్నగా ధార, ఆగి, మళ్లీ ధార. ఆపైన ఫ్లష్ చప్పుడు.

సార్ గబుక్కున నా మోచెయ్యి పట్టుకుని గోడవైపు తిప్పారు. తలుపు తెరుచుకుని ఆవిడ బయటికి వచ్చేసరికి, ఇద్దరు డాక్టర్లు తలెత్తకుండా, నిప్పంటుకుంటే ఏ దారిన పోవాలో రాసిన నోటీసును ఎంతో శ్రద్ధగా చదువుతున్నారు.