మెట్ల మలుపులో పులి

మొన్న మా బిల్డింగు మెట్లకు సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీ రెండో అంతస్తు మలుపులో ఆగిపోయాడు. "పెద్దమ్మా, ఈ పసుపు మరక ఏటి? ఎంత గీకినా పోటం నేదు" అని కేకేశాడు. వాడూ బర్మాలో మా మింగళ తౌంగ్‌న్యున్ పేటలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. నేను మోకాళ్ళు పట్టుకుని కిందికి దిగేలోపే ఆ అంతస్తు బర్మావిడ కుర్చీ ఈడ్చుకొచ్చి, సరిగ్గా మరకకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఆవిడకు చెవులు వినపడవు, పళ్ళు ఊడిపోయాయి, కానీ కూర్చుందంటే మరి లేవదు. మేస్త్రీ నా మొహం చూశాడు. "అది పులి బావూ. ముట్టుకోకు. పై అంతస్తులు సూసుకో ముందు" అన్నాను. పులేమిటని వాడు పని మానేసి మెట్టు మీద కూర్చున్నాడు. వాడికి చెప్పిందే ఇప్పుడు మనవరాలి చేత రాయిస్తున్నాను. నా చదువు సంతకం దాకానే.

మా ఆయన చిమిండైంగ్ సంతలో వెదురు బుట్టలు అల్లి అమ్మేవాడు. దసరాకి మాత్రం పులి. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు ఆయన పెట్టెలో ఉన్నవి ఒక డప్పు, ఒక పులి తల, నాలుగు గుడ్డలూ. ఆ డప్పు దగ్గరా, ఆ తల కిందా మా ఆయన పెరిగాడు. పెళ్ళైన కొత్తలో నాకు నవ్వాగేది కాదు. ఇంట్లో ఎలుక కనబడితే మంచమెక్కే మనిషి, రంగు పడగానే వీధి వీధంతా వెనక్కి జరిగేలా గాండ్రించేవాడు. మిగతా రోజుల్లో సాయంత్రం పూట డప్పు ముందేసుకుని, కుంపటి సెగకు చర్మాన్ని కాపుతూ, వేలితో మీటుతూ, చెవి దగ్గర పెట్టుకుని వింటూ కూర్చునేవాడు. చర్మం ఎంత వేడెక్కితే అంత ఖంగుమంటుంది. చెమ్మ తగలకూడదని వానాకాలంలో దాన్ని నా చీరల మధ్య దాచేవాడు. నన్ను మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. పొయ్యి నీది, డప్పు నాది అనేవాడు. వంట బాగోలేదని నా పొయ్యి జోలికి మాత్రం తరచూ వచ్చేవాడు.

పులి కట్టడం పూటంతా పట్టే పని. ఒళ్ళంతా నున్నగా గొరిగి, చంకల కింద వెదురు గడలు పెట్టి నిలబెడతారు. పసుపు రంగు ఆరాక మసితో చారలు దిద్దుతారు. ఆరేదాకా కూర్చోకూడదు, ఆనుకోకూడదు. రంగు పడ్డాక పులి నోరు విప్పి మాట్లాడకూడదు. అమ్మవారి ముందు ఆడకుండా రంగు కడగకూడదు, కడిగితే పులి మనిషిని వదిలి దిగదని మా మామగారి మాట. పులి వస్తోందంటే ప్రతి ఇంటివాళ్ళూ గుమ్మం ముందు నిమ్మకాయ పెట్టేవారు. చేతులు తగలకుండా వంగి, పళ్ళతో దాన్ని ఎత్తేస్తే ఆ ఇంటి కీడు పోయినట్టు. మా కింది అంతస్తు బర్మావిడ, ఆ కుర్చీ ఆవిడే, ఆవిడ కూడా కూతుర్ని పక్కన నిలబెట్టుకుని ఏటేటా నిమ్మకాయ పెట్టేది.

ఎనభై ఎనిమిదో ఏడు, మిలట్రీ పెత్తనం పోవాలని ఊరంతా వానలో రోడ్ల మీదికి వచ్చింది. చదువుకునే పిల్లలు ముందు నడిచారు, బర్మావిడ కూతురు కూడా వాళ్ళతో వెళ్ళింది. తర్వాత తుపాకులు వచ్చాయి. అమ్మాయి తిరిగి రాలేదు. అలాంటప్పుడు దసరా ఏమిటన్నాను. పెద్దవాళ్ళు మాత్రం, సంబరం లేకపోయినా పులి అమ్మవారికి కనబడాలన్నారు. తెల్లారుతూనే మా ఆయనకు రంగు వేసి, ఆరాక డప్పులతో వచ్చి తీసుకెళ్తామని వాళ్ళు గుడికి వెళ్ళారు. బయటి సరుకు రాక మంచి రంగు పొడి దొరకలేదు, సైకిల్ రిక్షాలకు వేసే రంగే పూశారు. మధ్యాహ్నానికి వీధి చివర సైనికుల లారీ ఆగింది. ఐదుగురికి మించి గుమిగూడితే కాల్చేస్తామని మైకులో చెప్పారు. గుడి తలుపులు మూసేశారు. డప్పుల వాళ్ళు రాలేదు. మా ఆయన ఇంట్లో గడల మీద వేలాడుతూ పులిగానే ఉండిపోయాడు.

ఆ రంగు చెమటను బయటికి రానివ్వలేదు. పొద్దు వాలేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది, కళ్ళు తేలిపోతున్నాయి. నేను కిరసనాయిలూ గుడ్డా తెచ్చాను. "మావా, కడిగేస్తాను" అంటే తల అడ్డంగా ఊపాడు. ఏడ్చాను, తిట్టాను. పులికి మాట లేదు కదా, ఎంత తిట్టినా గుర్రుమనడమే. గడలు తోసేసి తలుపు వైపు నడవబోతే అడ్డంగా నిలబడ్డాను. "ఈదిలో అమ్మోరు నేదు, సిపాయున్నాడు. ఆడు నీకు నిమ్మకాయ ఎట్టడు, తుపాకీ ఎడతాడు!" అన్నాను. అయినా చెయ్యి తీసి పక్కకు నెట్టాడు. ఆ చేతి వేడి తగిలాక నాకు ఏడుపు ఆగిపోయింది. "అమ్మోరి ముందర ఆడాలన్నారు గాని, గుడిలోనే ఆడాలన్నారేటి?" అన్నాను.

నీళ్ళ కుండకు పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టి ఘటం చేశాను. వీధికి కనబడని చోటు ఆ మెట్ల మలుపే, అక్కడ దించాను. తర్వాత నా చీరల మధ్య నుంచి డప్పు తీసి, దాని మీద చెంబెడు నీళ్ళు పోశాను. పులి కెవ్వుమంది. "కాపితే లారీ దాకా ఇనబడతాది. తడిస్తే మెట్ల దాకానే. ఎవులు కొడతారంటావా? నానే" అన్నాను. ఇన్నేళ్ళు విన్న చెవులున్నాయి కదా. తడి చర్మం మీద దెబ్బ పడితే గుండె కొట్టుకున్నట్టు లోపల్లోపలే మోగింది.

పులి మెట్లు దిగింది. తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. ఘటం ముందు ఇరుకులోనే తోక తిప్పి, మూడు వైపులా అడుగు వేశాడు. అప్పుడు బర్మావిడ తలుపు తెరిచింది. చేతిలో నిమ్మకాయ లేదు. కూతురి వెల్వెట్ చెప్పులు తెచ్చి గుమ్మం బయట పెట్టి, పక్కకు జరిగింది. నా చెయ్యి ఆగిపోయింది. అమ్మవారి ముందు, పులి నోటికి చెప్పులా? మా ఆయన నా వైపు చూసి గుర్రుమన్నాడు, కొట్టమని. కొట్టాను. వంగాడు, వణుకుతూ వంగాడు, రెండు చెప్పులూ పళ్ళతో ఎత్తి గడప దాటించి, ఇంటికొచ్చిన పిల్ల విడిచినట్టు, లోపలికి తిరిగేటట్టు పెట్టాడు. లేవబోతూ పక్కకు ఒరిగిపోయాడు, భుజం గోడకు ఆనింది. ఆరీ ఆరని రంగు అక్కడే అంటుకుంది.

నేనూ బర్మావిడా కలిసి ఆయన్ని పైకి మోసి, కిరసనాయిలుతో, కొబ్బరినూనెతో రంగు వలిచాం. చర్మం పొక్కులెక్కింది. మొహం మీది చారలు పోగానే ఆయన అన్న మొదటి మాట, "ఏటే, మూడో దెబ్బ ఒక్కసారైనా సరిగ్గా పడనేదు."

ఆ డప్పు మళ్ళీ ఖంగుమనలేదు. ఎంత కాపినా నా చేతి మాటే వింటుందని వేళాకోళం చేసేవాడు. సంబరాలకు చాలా ఏళ్ళు అనుమతి రాలేదు, వచ్చేసరికి ఆయన మోకాళ్ళు వంగలేదు. పోయేదాకా ఆ మలుపులో ఆగి, వాళ్ళ గడప లోపలికి తొంగి చూసి మెట్లెక్కేవాడు. అమ్మాయి కబురు ఈనాటికీ లేదు. చెప్పులు ఆయన పెట్టినట్టే ఉన్నాయి, ఆవిడ రోజూ దుమ్ము తుడుస్తుంది.

మేస్త్రీ లేచి బ్రష్ కడుక్కున్నాడు. ఆవిడ కుర్చీ చుట్టూ ఒంగి ఒంగి సున్నం వేశాడు. ఇప్పుడు గోడంతా కొత్తది, నడుమ భుజం ఎత్తున పసుపు. మా కాలం ఎప్పుడో వెళ్ళిపోయిందని మనవరాలు అంటుంది. నేను మెట్లెక్కుతూ ఆ మలుపులో ఊపిరికోసం ఆగుతాను, వేలితో మరక తాకుతాను. ఇన్నేళ్ళైనా అది ఇంకా ఆరుతున్నట్టే ఉంటుంది.